రాయి పీకడానికి వెళ్ళిన కారు

మా ఇంటికి పెద్ద కారు వచ్చిన రోజు ఆదోనిలో మా వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. అమ్మ మాత్రం గడప దాటి బయటికి రాలేదు. తలనొప్పి అంది. నేను నమ్మాను.

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. నాకు ఇరవైమూడేళ్ళు. అనంతపురంలో చదువు ముగించుకుని, వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పులతో, సంచీ నిండా కరపత్రాలతో ఇంటికి చేరి రెండు నెలలయింది. దేవుడు, దెయ్యం, జాతకం, ముహూర్తం, వీటిలో దేనిమీదైనా గంటసేపు ఆగకుండా మాట్లాడగలను. ఎదుటివాడు మొదటి వాక్యం పూర్తిచేయకముందే అందులో లోపం ఎక్కడుందో పట్టేయగలనని నాకు గట్టి నమ్మకం. అంత నమ్మకం ఉన్నవాడికి సొంత ఇంట్లో ఏం జరిగిందో తెలియలేదు.

విషయం ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టే హక్కు నాకు లేదు, దాచడం మా ఇంట్లో అప్పటికే చాలా జరిగింది. పెద్ద కారుకు ముందు మాకొక చిన్న కారు ఉండేది. ఒక సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి వస్తూ అది ఒక ఆడమనిషిని గుద్దింది. మావాళ్ళు ఆపలేదు. ఆమె అక్కడే చనిపోయింది. ఆ కారు ఎవరిదో ఆమె తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆ తల్లి తనకు తెలిసినంత మేరకు చెప్పుకుంటున్న నిజాన్ని అబద్ధమని మైకు పెట్టి అరిచి వచ్చినవాణ్ణి నేను. అదీ ఆ పెద్ద కారులో వెళ్ళి.

మా నాయనకు పత్తి మండీ ఉండేది. రైతు తెచ్చిన పత్తికి ధర కట్టించి మిల్లుకు చేర్చే వ్యాపారం. వారానికి రెండుసార్లు ఎమ్మిగనూరులో పని. చిన్న కారు నీలం రంగుది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. డిక్కీలో ఒక పెట్టె పడితే రెండోది ఒళ్ళో పెట్టుకోవాలి. అయినా నాయనకు దానిమీద చెప్పలేనంత ఇష్టం. ఆదివారం పూట పంచె ఎగగట్టి, బకెట్టు పెట్టుకుని తనే కడిగేవాడు. నేను చదువు ముగించి వచ్చేసరికి ఆ కారు మండీ వెనక షెడ్డులో పట్టా కప్పుకుని ఉంది. పట్టా ఎత్తి చూశాను. ముందు దీపాల్లో ఒకటి కొత్తది. బానెట్టుకు రంగు కొత్తది.

"అమ్మే బండికి ఇంత సోకు ఎందుకు నాయనా?"

"గిరాకీ రావల్లంటే ముస్తాబు సేయొద్దా? నువ్వు సదువుకుంది ఇంతేనా?" అన్నాడు.

మేం పెరిగి పెద్దవాళ్ళమయ్యామనీ, కుటుంబానికి బండి చాలడంలేదనీ అందరికీ చెప్పాడు. నిజానికి అప్పటికి అక్కలిద్దరి పెళ్ళిళ్ళూ అయిపోయి ఇంట్లో మిగిలింది ముగ్గురమే. ఈ లెక్క నాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజుల్లో కొత్త కారంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. నాయన కాచుకోలేదు. హైదరాబాదులో ఎవరికో వంతు వస్తే ఆ వంతునే కొనుక్కున్నాడు. చిన్న కారును ఆదోనిలో అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఇవ్వకుండా కోడుమూరు అవతల ఒక ఊరికి, కొనేవాడి మొహం కూడా చూడకుండా పంపేశాడు.

పెద్ద కారు తెల్లది. ముందు సీటు బల్లలా ఒక్కటే, అందులోనే ముగ్గురు సర్దుకోవచ్చు. గేరు స్టీరింగు పక్కనే. లోపల కొత్త రెక్సిన్ వాసన. వీధిలోవాళ్ళు అద్దంలో ముఖాలు చూసుకుంటున్నారు, పిల్లలు హారను కొట్టి పారిపోతున్నారు. ఎవరో నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు చక్రాల కింద పెట్టారు. ఇంకెవరో బూడిద గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్ళి కారుకు అడ్డం నిలబడ్డాను.

"నిమ్మకాయ నలిగితే బ్రేకులు బాగా పడతాయా? చెప్పండి, తెలుసుకుంటాను" అన్నాను.

కొందరు నవ్వారు. నాయన నిత్యం పూజ చేసే మనిషి. పెద్ద గొడవకు సిద్ధపడే ఆ మాట అన్నాను. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు. "వాడు వద్దంటాండాడు గదా. తీసేయండి, వద్దులే" అని లోపలికి వెళ్ళిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఆ కారు చుట్టూ జనం ఎంత త్వరగా పలచబడితే ఆయనకు అంత మంచిదని నాకేం తెలుసు?

మా డ్రైవరు ఆదోనిలోనే పుట్టి పెరిగిన సాయిబు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను చిన్నప్పా అనేవాడు. ఎమ్మిగనూరు దారిలో సగం దూరం పోయాక ఒక మోరీ వస్తుంది. వాన పడితే నల్లరేగడి చేలలోంచి వచ్చే నీళ్ళు దాని కిందుగా పోతాయి. ఆ మోరీ దగ్గరికి రాగానే ఆయన వేగం తగ్గించేవాడు. కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి గుండె మీద పెట్టుకునేవాడు. పెదవులు కదిలేవి. మోరీ దాటగానే మామూలే. అక్కడ రోడ్డు పక్క పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది.

"ఎవరికన్నా ఆ దండం?" అని ఒకసారి అడిగాను.

"దండం కాదు చిన్నప్పా. అదో అలవాటు."

"మీలో రాళ్ళకు మొక్కడం తప్పు కదా."

"తప్పే."

"మరి?"

"రాయికి ఎవరు మొక్కినారు?" అని గేరు మార్చాడు.

ఇంట్లో అమ్మది ఇంకో రకం. నేను లేని ఏడాదిలో కొత్తగా అమావాస్యకు పస్తుండటం మొదలుపెట్టింది. అంతకుముందు లేదు. పొద్దున లేచి స్నానం చేసి, పూజ గదిలోకి కూడా పోకుండా, వంటింటి వెనక మెట్టు మీద కూర్చునేది. మర్నాటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు.

"ఏ దేవుడికమ్మా ఈ ఉపాసం? పేరు చెప్తే నేను పోయి మాట్లాడతా" అనేవాణ్ణి.

"దేవునికి గాదులేరా."

"దెయ్యానికా?"

"గమ్మున అన్నం తిని పో" అనేది. అమ్మ గొంతులో కోపం ఉండేది కాదు. కోపం ఉండి ఉంటే ఆ మూఢత్వం మీద నేను ఒక వ్యాసం రాసి ఉండేవాణ్ణి కాదేమో. రాశాను. ఆడవాళ్ళు ఆకలిని పుణ్యమనుకుంటారని, ఒక చిన్న పత్రికలో, అమ్మ పేరు లేకుండా.

రెండేళ్ళలో మోరీ దగ్గరి రాయి పెద్ద కథ అయింది. పొద్దుగూకే వేళ పత్తికట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి రోడ్డుకు అడ్డం వస్తుందనీ, చెయ్యి చాపుతుందనీ, ఆపకుండా పోయిన బండి ఊరు చేరదనీ చెప్పుకునేవాళ్ళు. లారీ డ్రైవర్లు అక్కడ ఆపి బీడీ ముట్టించి రాతి ముందు పెట్టేవాళ్ళు. బస్సు కండక్టర్లు చిల్లర విసిరేవాళ్ళు. దర్జీ కొట్టు మీది గదిలో మా హేతువాద సంఘం మిత్రులం సమావేశమై, ఆ రాయి పీకెయ్యాలని తీర్మానించాం. బహిరంగంగా, పట్టపగలు, మైకు పెట్టి, ఏమవుతుందో అందరూ చూసేట్టుగా.

భోజనాల దగ్గర ఆ మాట చెబితే నాయన చెయ్యి ఆగింది.

"ఎంతమంది పోతాండారు?"

"ఐదుగురం. మైకు సెట్టు ఎమ్మిగనూరులో బాడుగకు తీసుకుంటాం."

"అంత సామానుతో బస్సులో యాడ పోతారు? కారు తీసుకపోండి." అన్నం కలుపుకుంటూ మళ్ళీ అన్నాడు: "ఆ రాయి ఆడ ఉండగూడదు. మళ్ళా ఎవరూ పెట్టకుండా సెయ్యి."

అమ్మ వడ్డించడం ఆపి లోపలికి వెళ్ళింది. నేను నాయన ముఖంలోకి చూసి పొంగిపోయాను. జీవితమంతా నా మాటను పిచ్చి కింద జమకట్టేసిన మనిషి, చివరికి హేతువు ముందు తల వంచాడనుకున్నాను. ఆ రాత్రి డైరీలో ఆ మాటే రాసుకున్నాను. ఆ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ పేజీ చింపెయ్యాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చింపితే నా తెలివితక్కువతనానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుందని ఉంచాను.

మేం మోరీ దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. కారు పైన కట్టిన మైకు గొట్టాలు దించాం. పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు చేలోంచి గట్టు మీదికి వచ్చారు. ఊళ్ళోంచి మగవాళ్ళు వచ్చారు. రెండు లారీలు ఆగాయి. రాయి పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. చనిపోయినామె తల్లి అని చెప్పారు. నేను మర్యాదగానే ముందుకు వెళ్ళాను.

"అవ్వా, ఇక్కడ దెయ్యం ఉందని నువ్వే చెప్తున్నావంట."

"దెయ్యమని నేను యాడ అంటి? లారీవోళ్ళు అంటారు. నా బిడ్డని కారు తొక్కింది. అది అంటాండా నేను."

"కారని నీకెట్లా తెలుసు? నువ్వు చూసినావా?"

"సేన్లో ఉంటి. సప్పుడు ఇంటి. ఉరికొచ్చేసరికి అది మలుపు తిరుగుతాండె. నీలంది. సిన్నది."

"నంబరు?"

ఆమె నావైపు చూసింది. "నాకు సదువొస్తే నీ తావుకి నేనే వస్తుంటి గదప్పా."

జనం కొంచెం నవ్వారు. ఆ నవ్వు ఆమె వైపు ఉందని నాకు అర్థమైంది. వాదంలో పట్టు జారుతున్నట్టు అనిపించింది. అంతే, మైకు అందుకున్నాను.

ఆ ఉపన్యాసం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆధారం లేని మాట నమ్మకండి అన్నాను. కారు గుద్దితే కేసేదీ అన్నాను. సాక్షి ఎవరూ అన్నాను. పంచనామాలో ఏం రాశారో విచారించి వచ్చాను: నెత్తిన మోపుతో నడుస్తూ కాలు జారి మోరీలో పడింది, తలకు రాయి తగిలింది. ఇదీ నిజం, ఇదొక్కటే నిజం అన్నాను. దుఃఖంలో ఉన్న తల్లి మనసు కారును కల్పించుకుంది, మీ భయం దెయ్యాన్ని కల్పించుకుంది అన్నాను. వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి చక్కగా వచ్చాయి. నిజాయితీగానే మాట్లాడాను, అదే భరించలేనిది. అబద్ధం చెబుతున్నానని తెలిసి చెప్పేవాడి గొంతు ఎక్కడో తడబడుతుంది. నా గొంతు ఎక్కడా తడబడలేదు.

మిత్రులు గునపంతో రాయిని కదిలిస్తుంటే ముసలామె లేచి మా కారు దగ్గరికి వెళ్ళింది. చుట్టూ తిరిగింది. ముందు వైపు వంగి దీపాలను చూసింది. తర్వాత కారు లోపలికి చూసింది. డ్రైవరు దిగలేదు. తల వంచుకుని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చాలాసేపు ఆయన్నే చూసింది.

"ఇది గాదు" అంది చివరికి. "ఇది పెద్దది. అది సిన్నది."

నేను మైకులోనే అన్నాను: "విన్నారా? దెయ్యం కారుకు సైజులు కూడా ఉంటాయంట."

ఈసారి నవ్వు నా వైపు వచ్చింది.

రాయిని అక్కడే పడేస్తే మళ్ళీ పాతేస్తారని డిక్కీలో వేసుకున్నాం. చిన్న కారైతే పట్టేది కాదు. ఇంటికి తెచ్చి పెరట్లో కుళాయి దగ్గర దించి, బట్టలుతికే బండగా పనికొస్తుందని అమ్మను పిలిచాను.

"యాడిదిరా ఇది?"

చెప్పాను. నవ్వుతూ చెప్పాను. పసుపు కొంచెం కొంచెం ఇంకా అంటుకునే ఉంది. అమ్మ చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, అక్కడే తడి నేల మీద కూర్చుంది. నేను ఆమె భయాన్ని పోగొడదామని ఆ రాతి మీద నిలబడి చూపించాను. చూడమ్మా, ఏమైంది, ఏమీ కాలేదు అన్నాను. అమ్మ నా కాళ్ళు పట్టుకుని లాగింది. "దిగురా, నీకు దండం పెడతా, దిగు" అంది. ఆ చేతుల పట్టు చీలమండల దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు తెలుస్తుంటుంది. ఏ దెయ్యమూ నన్ను అంతగా పట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత పెరట్లో రాయి లేదు. ఎవరో అడిగితే ఇచ్చేశానంది అమ్మ. ఆ వారంలోనే కబురు వచ్చింది: మోరీ దగ్గర రాయి మళ్ళీ ఉందట, అదే రాయి, తనంతట తానే నడిచి వచ్చిందట. రాళ్ళు నడవవని ఇంకో వ్యాసం రాశాను. అదే నెలలో డ్రైవరు పని మానేశాడు. "పెద్ద బండి నా సేతికి రావడంలేదు చిన్నప్పా" అన్నాడు.

తర్వాత ఆరేళ్ళు ఆయన లారీ తోలాడు. కొడుకు అరబ్బు దేశంలో కుదురుకుని, తండ్రిని హజ్ యాత్రకు పంపే ఏర్పాటు చేశాడు. యాత్రకు పోయేముందు వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తెలిసినవాళ్ళ ఇళ్ళకన్నిటికీ వెళ్ళి, తెలిసీ తెలియకా చేసిన తప్పులకు మాఫీ అడగాలి. మనుషులు మాఫీ చేయని తప్పును పైవాడు కూడా చేయడని వాళ్ళ నమ్మకం. దేవుణ్ణి పక్కన పెడితే ఇంతకంటే హేతుబద్ధమైన ఆచారం నేను చూడలేదు. అలా ఒక మధ్యాహ్నం నేను అద్దెకుంటున్న గదికి వచ్చాడు. అప్పటికి నేను ఒక బడిలో పంతులుగా చేరి వేరే ఉంటున్నాను. టీ తాగి గ్లాసు కింద పెట్టి చేతులు పట్టుకున్నాడు.

"మాఫ్ సెయ్యి చిన్నప్పా."

"నువ్వు నాకేం చేసినావన్నా?"

"ఆ పొద్దు నువ్వు మైకులో మాట్లాడతాంటే గమ్మున కూసున్నా. అదే సేసినా."

అప్పుడు చెప్పాడు. కారు తనే నడుపుతున్నాడు. నాయన పక్కన, అమ్మ వెనక. ఎదురుగా పడమటి పొద్దు కళ్ళలో కొడుతోంది. పత్తికట్టెల మోపు పక్కనుంచి అడ్డం వచ్చేదాకా కనబడలేదు. బ్రేకు మీద కాలు వేశాడు. "ఆపొద్దు, పో, పో" అన్నాడు నాయన. అమ్మ వెనక నుంచి ఆపు ఆపు అని సీటును గుద్దుతూనే ఉంది. ఆదోని వచ్చేదాకా గుద్దుతూనే ఉంది. షెడ్డులో కారు పెట్టి, ముందు జాలీలో ఇరుక్కున్న పత్తికట్టె ముక్కలు ఒక్కొక్కటి తనే తీశాడు. రాయిని పెరట్లోంచి తీసుకెళ్ళి మళ్ళీ పాతింది కూడా తనే. పంపింది అమ్మ.

"అందరినీ అడిగినా. ఆ బిడ్డ తల్లి ఒక్కతే మిగిలింది. ఒక్కణ్ణి పోలేను. నువ్వు రా" అన్నాడు.

ఇంట్లో సత్యాన్వేషినని చెప్పుకు తిరిగింది నేను. సత్యం తెలియకుండా బతికింది కూడా నేనొక్కణ్ణే. పస్తులతో, పెదవుల కదలికతో, పాతిన రాయితో వాళ్ళంతా ఒక మాట చెబుతూ ఉన్నారు. పేదవాడి మాటకు సాక్షి లేకపోతే అది నిలబడటానికి ఏదో ఒక ఆకారం వెతుక్కుంటుంది. ఆ ఊరికి దొరికిన ఆకారం దెయ్యం. నేను ఆకారాన్ని కొట్టడానికి వెళ్ళి మాటను చంపి వచ్చాను. దెయ్యాలు లేవు. ఇప్పటికీ అంటాను, చచ్చేదాకా అంటాను. కానీ ఆ మోరీ దగ్గర ఏమీ లేదని మాత్రం అనలేను.

ఇద్దరం బస్సులో వెళ్ళాం. ముసలామె ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. డ్రైవరు ఆమె కాళ్ళ ముందు కూర్చున్నాడు. నోరు తెరవకముందే ఆమె అంది:

"నువ్వేనని ఆ పొద్దే తెలుసు. తప్పు సెయ్యనోడు బండి దిగి బీడీ తాగుతాడు. నువ్వు దిగలేదు."

"మాఫ్ సెయ్యమ్మా."

"నీ సేతిలో ఏముండ్య నాయనా? పోనీమన్నోడు పక్కన ఉండింటాడు. పోయిరా. మంచిగా పోయిరా."

ఆయన ఏడ్చాడు. నేను, ఆ కారు మాదే అవ్వా, మా నాయనదే అన్నాను.

"అది గూడా అప్పుడే తెలుసు."

"మరి అందరి ముందర ఎందుకు చెప్పలేదు?"

"మైకు నీ సేతిలో ఉండె గదా."

చేట పక్కన పెట్టింది. "ఆయప్పకి మాఫీ ఇస్తి. నీకియ్యను. నువ్వు నలుగురిలో నన్ను తిక్కదాన్ని సేస్తివి. సంతకి పోతే నవ్వుతారు, నీలం కారు అవ్వా అని పిలుస్తారు. ఆడనే, ఆ మైకే పెట్టి సెప్పు. అప్పుడు సూస్తాం."

ఆ సాయంత్రమే నాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన తెల్లకారు తుడిపిస్తున్నాడు. చెప్పింది విన్నాడు, కాదనలేదు.

"ఆపింటే నన్ను ఆడనే సంపుతుండ్రి. నీకు తండ్రి ఉండేవాడు గాదు" అన్నాడు.

"ఆమె బతికుండేదేమో."

"లేదు. పడినప్పుడే పోయింది."

"ఆపకుండానే ఎట్లా తెలిసింది నాయనా?"

తుడిచేవాడి చేతిలోంచి గుడ్డ తీసుకుని అద్దం తనే తుడవసాగాడు. వాదంలో అంతకంటే గొప్ప గెలుపు నాకు ఎప్పుడూ రాలేదు. అంతకంటే పనికిమాలినదీ రాలేదు. లోపలికి వెళ్ళి అమ్మను అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"సెప్తే ఏం సేస్తువు? మీ నాయన్ని జైల్లో పెట్టిస్తువు. పేపర్లో రాస్తువు. గెలుస్తువు" అంది. "ఆ యమ్మకి మాత్రం ఏమొస్తుండ్య?"

అయినా ముసలామె తనకేం కావాలో నోరు తెరిచి అడిగింది. అది ఇవ్వాల్సిందే.

ఎమ్మిగనూరులో అదే మైకు మనిషిని మాట్లాడుకుని, సంత రోజు మోరీ దగ్గరికి వెళ్ళాను. సంతకు పోయే బండ్లు, బస్సులు ఆగాయి. మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది కనిపించారు. ఇంతకుముందు ఇక్కడ నేను చెప్పింది తప్పు అన్నాను. ఒక స్త్రీని కారు గుద్ది చంపింది, ఆ కారు మాది, అందులో మా నాయన ఉన్నాడు, ఆపనివ్వలేదు, ఈ అవ్వ మొదటి నుంచీ చెబుతున్నది నిజం అన్నాను. రాయిని తిరిగి తెచ్చింది మనుషులే, దెయ్యం కాదు అన్నాను. వాక్యాలు ఈసారి సరిగా రాలేదు. మధ్యలో చెప్పిందే మళ్ళీ చెప్పాను, ఎండకు కళ్ళు తిరిగి ఊగిపోతూ మైకు కడ్డీ పట్టుకున్నాను.

ముందు వరసలో ఒకాయన పక్కవాడితో అన్నాడు: "సూసినావా? రాయి పీకినోన్ని పట్టుకునింది."

"ఇన్నేండ్లకి."

"అది యాడ వదుల్తుంది? వాని నోటితోనే మాట్లాడిస్తాంది సూడు."

చూస్తుండగానే ఆ మాట జనమంతా పాకింది. ఒకామె నా మీద నీళ్ళు చల్లింది. నాకేమీ పట్టలేదు, నేను తెలిసే మాట్లాడుతున్నాను అని మైకులో అరిచాను. పట్టినవాళ్ళంతా అట్లాగే అంటారని ఎవరో అన్నారు, నలుగురు అవునన్నారు. ఎప్పుడో ఇదే చోట ఒక తల్లి చెప్పిన మాటను నేను ఎలా విన్నానో, ఇప్పుడు నా మాటను వాళ్ళు అలాగే విన్నారు. వాళ్ళకు ఆ వినడం నేర్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆదోనిలో నాయన పని ఇంకా సులువైంది. మావాడికి గాలి సోకింది, వైద్యం చేయిస్తున్నాం అని ఆయనే అందరికీ చెప్పుకొచ్చాడు. పోలీసులకు నేను రాసిచ్చిన ఫిర్యాదు కాగితం ఆరోగ్యం చూసుకోమన్న సలహాతో తిరిగి వచ్చింది. దర్జీ కొట్టు మీది మిత్రులు కొన్నాళ్ళు సమావేశాలకు రావద్దన్నారు, సంఘానికి చెడ్డపేరు వస్తుందని. తెల్లకారు ఇంకో పదేళ్ళు ఆ రోడ్డు మీదే తిరిగింది. నేను మళ్ళీ అందులో కూర్చోలేదు.

ఆ సంత రోజు జనం పోయాక మైకు మనిషి వైర్లు చుట్టుకుంటూ, నేను పట్టుకున్న మైకును ముట్టుకోవడానికి భయపడ్డాడు. తువ్వాలు చుట్టి తీసి పెట్టెలో పెట్టాడు. ముసలామె మాత్రం గట్టు మీద కూర్చున్నది లేవలేదు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"వాళ్ళు నమ్మలేదవ్వా."

"ఇన్నారు గదా."

"విన్నారు, కానీ దెయ్యం మాటని విన్నారు."

"నేను ఇంటి" అంది. "నువ్వు ఎవురి మాట సెప్పినావో నాకు తెలుసు."

మాఫీ ఇచ్చానని అనలేదు, ఇవ్వనని కూడా అనలేదు. "నా బిడ్డ పేరు నీకు తెలుసునా?" అని అడిగింది.

తెలియదు. పంచనామాలో ఏం రాశారో విచారించాను, కారు నంబరు అడిగాను, సాక్షుల్ని అడిగాను. రెండుసార్లు ఆ మోరీ దగ్గర నిలబడి గంటల తరబడి ఆమె చావు గురించి మాట్లాడాను. రెండుసార్లూ "ఒక స్త్రీ" అన్నాను. నన్ను దెయ్యం పట్టిందన్న జనం కూడా, నేను కూడా, ఆ మనిషిని పేరు లేకుండానే వాడుకున్నాం.

తెలియదని తల ఊపాను. ఆమె చెప్పింది. నన్ను అనమంది. అన్నాను. ఇంకోసారి, గట్టిగా అనమంది. రోడ్డు ఖాళీగా ఉంది. అన్నాను.

"ఆ పేరు కాగితాల్లో ఎక్కియ్యగాకు. సదివినోళ్ళు దాన్ని గూడా ఏమో ఒకటి సేస్తారు" అని లేచి, చీర దులుపుకుని, చేలోకి దిగింది. అందుకని ఇక్కడా రాయలేదు.